ఆనవాయితీ

మా బావగారి ఇంట్లో స్విచ్చులు లేవు. ఉన్నవన్నీ పీకించేసి, ఆ కన్నాలు సిమెంటుతో పూడ్పించి, పైన రంగు వేయించారు. అయినా బోర్డులు ఎక్కడెక్కడ ఉండేవో కొత్తవాళ్ళకి కూడా తెలిసిపోతుంది. ఆ నలుచదరపు మచ్చల మీది రంగు మిగతా గోడతో కలవలేదు. మొదటిసారి చూసినప్పుడు, "ఏంటి బావగారూ, గోడలకి కట్లు కట్టించారు? ఎక్కడ పడ్డాయేంటి?" అన్నాను.

"నీ నర్సు బుద్ధి ఎక్కడికి పోతుంది మరదలా," అని ఆయన నవ్వారు. "కూర్చో. నోరు మూసుకుని కాసేపు చూస్తూ ఉండు. అది నీ వల్ల అవుతుందో లేదో గానీ."

కూర్చుని చూశాను. బావగారి తల్లి భారతమ్మగారు తన గదిలోంచి కాలు బయట పెట్టగానే హాల్లో ఆవిడ కుర్చీ మీది ఫ్యాన్ మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. అంతకంటే వేగంగా తిరిగితే ఆవిడకి మోకాళ్ళు లాగుతాయట. టీవీలో ఆవిడ చూసే భక్తి ఛానల్ వచ్చింది, వినికిడి తక్కువ కాబట్టి కాస్త గట్టిగా. ఆ గోల వినబడకుండా మా అక్క కూతురు సమన్వి చదువుకునే గది తలుపు దానంతట అదే మూసుకుంది. బావగారు చొక్కా పై గుండీ విప్పారో లేదో ఏసీ హెచ్చింది. ఎవరూ నోరు తెరిచి ఒక్క మాట అడగలేదు.

"ఇవన్నీ దానికి ఎవరు చెప్పారు?" అన్నాను.

"ఎవరూ చెప్పలేదు. అదే గొప్ప. మిగతావాళ్ళు చేసే కంప్యూటర్లన్నీ చెప్తే చేస్తాయి. ఇది, ఇంట్లో ఎవరి కోసం ఎవరు లేస్తున్నారో చూస్తుంది. అమ్మ దగ్గితే మంచినీళ్ళకి ఎవరు లేచారు, సమ్ముని దోమలు కుడుతుంటే ఎవరు లేచారు, నేను గుమ్మంలోకి రాగానే ఎవరు లేచారు. ఏడాది పాటు అదంతా చూసి ఈ ఇంటి పద్ధతి నేర్చుకుంది. ఇక ఎవరూ లేవక్కర్లేదు, అదే చూసుకుంటుంది. అందుకే దీనికి ఆనవాయితీ అని పేరు పెట్టాం."

"మరి ఇన్నాళ్ళూ లేచింది ఎవరు?"

"అందరమూను," అన్నారు బావగారు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. ఆ మాట నిజంగానే నమ్మారు.

లేచింది ఎవరో వంటింట్లోకి వెళితే తెలుస్తుంది. మా అక్క ప్రసూన స్టవ్ ముందు నిలబడి వంకాయలు వేయిస్తోంది. జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది. ముఖం కందిపోయింది. నెత్తిమీద ఫ్యాన్ ఉంది గానీ తిరగడం లేదు.

"ఇల్లంతా కశ్మీరు చేసి నిన్నొక్కదాన్నే బెజవాడలో ఉంచారేంటే?" అన్నాను.

"స్టవ్ వెలిగించాక ఫ్యాన్ వేస్తే మంట నిలుస్తుందా? తెలీనట్టు మాట్లాడతావు."

"వంటయ్యాక వేసుకోవచ్చుగా?"

"వంటయ్యాక వడ్డించాలి. వడ్డించాక గిన్నెలు. ఆ తర్వాత ఎండకోత. అప్పుడు నా ఫ్యాన్ ఆపితేనే ఫ్రిజ్ నడుస్తుంది. పాలు విరిగిపోతే సాయంత్రం అత్తయ్యగారికి కాఫీ దేంతో పెట్టను?"

ఎండకోత అంటే ఈ నాలుగైదేళ్ళుగా మా ఊరికి పట్టిన పీడ. ఎండలు ముదిరితే మధ్యాహ్నం పూట ఊరంతటికీ కరెంటు ఆపేస్తారు. పొద్దు వాలేదాకా ఎవరి మేడ మీది బ్యాటరీ వాళ్ళకి దిక్కు. ఉన్న కాస్తా ఏ గదికి ఇవ్వాలో, ఏ గదికి ఆపాలో చూసుకోవాలి. బావగారి ఇంట్లో అది చూసుకునేది ఆనవాయితీయే.

అప్పుడే వంటింటి గోడలోంచి మెత్తటి గొంతు ఒకటి వినబడింది. "ఫ్యాన్ వెయ్యమంటావా అమ్మా?"

ఇల్లు మాట్లాడడం నేను వినడం అదే మొదలు. అక్క మాత్రం తలైనా తిప్పలేదు. "వద్దులే. అత్తయ్యగారి గది చల్లగా ఉందో లేదో చూడు ముందు," అంది.

"చల్లగానే ఉంది అమ్మా," అని ఇల్లు ఊరుకుంది.

"మొదట్లో ప్రాణం తీసేదనుకో, అడిగి అడిగి. ఇప్పుడు నయం, తగ్గింది," అని అక్క నాతో నవ్వుతూ చెప్పింది.

నాకు ఒళ్ళు మండింది. ఫ్రిజ్‌లోంచి చల్లటి నీళ్ళు తీసి గ్లాసు చేతిలో పెట్టి, గోడకున్న పాత క్యాలెండర్ అట్ట ఊడబీకి విసరడం మొదలుపెట్టాను. అక్క కళ్ళు మూసుకుంది. "హాయిగా ఉందే నీరూ," అంది. అంతలో హాల్లోంచి భారతమ్మగారు "అమ్మాయ్!" అని పిలిచారు. అక్క గ్లాసు సగంలో పెట్టేసి వెళ్ళిపోయింది.

*

నేను పెద్దాసుపత్రిలో వడదెబ్బ వార్డులో పనిచేస్తాను. వడదెబ్బ తగలబోయే ముందు మనిషి ఒంట్లో ఏమేం మార్పులొస్తాయో తన దగ్గర పనిచేసేవాళ్ళకి చెప్పమని బావగారు నన్ను ఓసారి వాళ్ళ కంపెనీ ల్యాబ్‌కి పిలిపించారు. గన్నవరం దారిలో పెద్ద షెడ్డు అది. గోడల్లో పెట్టే కళ్ళు తయారుచేసేది అక్కడే. మనిషి ఒంటి వేడినీ ఊపిరినీ అవి ముట్టుకోకుండానే పట్టేస్తాయి. నేను చెప్పాల్సింది చెప్పాక సువార్త అనే ఇంజనీరమ్మాయి నన్ను ఓ బల్ల దగ్గరికి తీసుకెళ్ళింది. బల్ల మీద బొమ్మరిల్లు ఉంది. గదికో చిన్న దీపం.

"ఇది సార్ వాళ్ళ ఇల్లే మేడమ్. అక్కడ నేర్చుకున్నదంతా దీనికీ ఎక్కించాం. ఎండకోతలో బ్యాటరీ తగ్గుతూ ఉంటే ఏం చేస్తుందో చూడండి," అని ఏదో నొక్కింది.

ముందు అన్ని గదుల్లోనూ దీపాలు వెలిగాయి. కాసేపటికి వంటింటి దీపం ఆరిపోయింది. ఆ తర్వాత వంటింటి పక్క చిన్న గదిది. అక్క మధ్యాహ్నం నడుం వాల్చే గది అది. తర్వాత చాలాసేపు ఇంకేమీ ఆరలేదు. భారతమ్మగారి గది, సమన్వి గది, హాలు, బావగారి కంప్యూటర్లున్న గది అలాగే వెలుగుతున్నాయి. చీకటిపడ్డ వంటింటి మూలలో నీలంరంగు చుక్క ఒకటి మాత్రం వెలుగుతోంది.

"అదేంటి?"

"ఫ్రిజ్ మేడమ్."

"ఒకవేళ ఆవిడకి ఒంట్లో బాగోకపోతే? అప్పుడైనా ఎవరితోనైనా చెప్తుందా?"

సువార్త గొంతు తగ్గించింది. "అదీ నేర్చుకున్నదాన్ని బట్టే. పెద్దావిడ తుమ్మితే సార్ ఫోన్ మోగుతుంది. ప్రసూన గారికి జ్వరమొచ్చినప్పుడు మొదట్లో ఒకట్రెండుసార్లు మోగింది. ఎవరూ లేచి రాలేదు. తర్వాత ఆవిడే చెప్పొద్దన్నారు. ఇప్పుడు మోగదు. నేను సార్‌తో అన్నాను మేడమ్. ఆవిడ ఇష్టం అది, ఇష్టాన్ని గౌరవించడమే మన పని అన్నారు."

నేను నేరుగా బావగారి గదికి వెళ్ళాను. "వంటింట్లో ఒక్క స్విచ్ పెట్టించండి బావగారూ. ఒక్కటి చాలు. అక్కకి తోచినప్పుడు వేసుకుంటుంది."

"అడిగితే వేస్తుందిగా. నోరు తెరిచి వెయ్యి అంటే చాలు."

"అది అడగదు. మీకు పెళ్ళయి ఇరవయ్యేళ్ళు దాటింది. ఎప్పుడైనా ఏదైనా అడిగిందా?"

ఆయన కాసేపు ఆలోచించారు. ఆలోచించినట్టు కనిపించారు, అంతే. "వచ్చే వారం పెద్దవాళ్ళు వస్తున్నారు నీరజా. బిల్డర్లు. వెయ్యి ఫ్లాట్లలో ఇదే పెట్టిస్తామంటున్నారు. స్విచ్చుల్లేని ఇల్లని చెప్పి గోడకి స్విచ్ చూపిస్తే నవ్విపోరూ? వాళ్ళు చూసి వెళ్ళిపోనీ. ఆ మర్నాడే నువ్వు ఎక్కడంటే అక్కడ పెట్టిస్తా. ఒట్టు."

ఇంటికి వెళ్ళాక అక్కకి ఫోన్ చేసి, ఈ వారం మా ఇంటికి వచ్చి ఉండమన్నాను. "ఇంటికి పెద్దవాళ్ళు భోజనానికి వస్తుంటే నేను రావడమేంటే? అయినా నా కోసం గోడలు పగలగొట్టిస్తావా? మీ బావ చెప్పారు. నలుగురూ వింటే నవ్వుతారు, ఊరుకో," అని నన్నే కోప్పడింది.

*

ఆ రోజు ఏం జరిగిందో నాకు సమన్వి చెప్పింది. ఒకేసారి చెప్పలేదు, ఏడుపు ఆగినప్పుడల్లా కాస్త కాస్తగా చెప్పింది.

బావగారు కావాలనే వాళ్ళని ఎండకోత వేళకి రమ్మన్నారు. బయట నిప్పులు చెరుగుతుంటే తన ఇల్లు ఎంత చల్లగా ఉంటుందో చూపించాలని. అక్క తెల్లవారకముందే లేచి గ్యాస్ స్టవ్ ముందు నిలబడింది. పులిహోర, బొబ్బట్లు, దప్పళం, రెండు వేపుళ్ళు. కరెంటు ఆగిపోయే వేళకి ఇంకా అప్పడాలు వేయిస్తూనే ఉంది. వచ్చినవాళ్ళు ఇల్లంతా తిరిగి చూశారు, వంటింట్లోకి తప్ప. భోజనాల దగ్గర అక్క వడ్డిస్తుంటే ఒకాయన, "మీ మేడమ్ గారికి చేతులు నాలుగున్నాయండీ!" అన్నాడట. అందరూ నవ్వారు. హాలు ఎంత చల్లగా ఉందంటే ఇంకొకాయన కోటు గుండీలు పెట్టుకున్నాడు. అది చూసి బావగారు మురిసిపోయారు.

భోజనాలయ్యాక సమన్వి మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళింది. అక్క గోడకి జేరబడి కింద కూర్చుని ఉంది. పక్కన తనకని పెట్టుకున్న పళ్ళెం, అందులో అన్నం ముద్ద, ముట్టుకోలేదు.

"ఏమైందమ్మా?"

"ఏం లేదే. కాస్త కళ్ళు తిరిగాయి. నాన్నగారితో అనకు, వచ్చినవాళ్ళున్నారు. నువ్వెళ్ళి చదువుకో, పరీక్షలు దగ్గరకొచ్చాయి."

సమన్వి వెళ్ళింది. అమ్మ చెప్పినట్టే వింది. ఆ ఒక్క మాట విన్నందుకు ఆ పిల్ల బతికినన్నాళ్ళూ కుమిలిపోతుందని నాకు తెలుసు. నేనెంత చెప్పినా ఆ బాధ తగ్గదు.

హాల్లో మాటలు సాగాయి. బావగారు వెయ్యి ఫ్లాట్ల గురించి మాట్లాడుతున్నారు. చాలాసేపటికి భారతమ్మగారు, "కాఫీ ఇంకా రాలేదేంట్రా?" అన్నారు. అప్పుడు బావగారు లేచారు. ఆ ఇంట్లో మా అక్క గురించి ఎవరికైనా అనుమానం వచ్చిందంటే అది కాఫీ రాకపోవడం వల్లే.

మా వార్డుకి తెచ్చేసరికి నేను డ్యూటీలోనే ఉన్నాను. స్ట్రెచర్ మీద చీర చూసి గుర్తుపట్టాను. ఒంటి మీద చుక్క చెమట లేదు. ముట్టుకుంటే పెనంలా కాలిపోతోంది. ఐసు నీళ్ళలో ముంచిన దుప్పట్లు కప్పాం. చంకల్లో ఐసు పెట్టాం. ఈ చేతులతో ఎంతమందికో చేశాను, చాలామంది లేచి వెళ్ళారు. మా అక్క కళ్ళు సగం తెరిచి నన్ను చూసింది గానీ గుర్తుపట్టలేదు. "పాలు... స్టవ్ మీద పాలున్నాయి... చూడవే," అంది. అదే ఆఖరి మాట. పొద్దు వాలకముందే పోయింది.

*

కర్మకాండలయ్యాక బావగారు ల్యాబ్‌లోనే పడి ఉంటున్నారని సువార్త ఫోన్ చేసింది. తిండి లేదు, నిద్ర లేదు, మీరొకసారి రండి మేడమ్ అంది. వెళ్ళాను. గుండు మీద వెంట్రుకలు ఇంకా మొలవని మనిషి ఆ బొమ్మరిల్లు ముందు కూర్చుని ఉన్నాడు. ఆ మధ్యాహ్నాన్ని మళ్ళీ మళ్ళీ నడిపిస్తున్నాడు. బ్యాటరీ పెంచి చూశాడు. పెరిగినదంతా హాలుకి పోయింది. వచ్చినవాళ్ళు లేరనుకుని చూశాడు. అప్పుడూ వంటింటి దీపమే ముందు ఆరింది. ఎండ తగ్గించి చూశాడు. అదే వరస.

"ఎందుకు బావగారూ ఇదంతా?"

"ఎక్కడో తప్పు ఉండాలి నీరజా," అన్నారు. "తప్పు దొరికితే దిద్దొచ్చు. కంపెనీవాళ్ళు ఏ తప్పూ లేదని తేల్చేశారు. వాళ్ళ దగ్గర ప్రసూన గొంతు ఉంది."

"గొంతేంటి?"

ఆయన మళ్ళీ బొమ్మరిల్లు వైపు తిరిగారు. సువార్త నా వైపు చూసి, ఉండలేక, ఆ రోజు వంటింటి రికార్డు వినిపించింది.

"ఫ్యాన్ వెయ్యమంటావా అమ్మా?" ఆ మెత్తటి గొంతే.

"వద్దు. హాల్లో తగ్గిపోతుంది." మా అక్క. పక్కన అప్పడాలు చిటపటలాడుతున్నాయి.

సువార్త కాస్త ముందుకి జరిపింది.

"ఫ్రిజ్ ఆపి ఫ్యాన్ వెయ్యమంటావా అమ్మా?"

"పాలున్నాయి. ఆపకు."

ఇంకాస్త ముందుకి. ఈసారి అప్పడాల చప్పుడు లేదు. హాల్లోంచి నవ్వులు సన్నగా వినబడుతున్నాయి.

"అమ్మా, నీ ఒళ్ళు బాగా కాలుతోంది. సార్‌తో చెప్పమంటావా?"

జవాబు వెంటనే రాలేదు. ఊపిరి వినబడింది, కుక్కపిల్ల రొప్పినట్టు. తర్వాత, ముద్దముద్దగా, "మాటల్లో ఉన్నారు... తర్వాత చెబుదాంలే..."

ఇల్లు ఇంకోసారి అడిగింది. ఈసారి జవాబే లేదు.

"జవాబు రాకపోతే ఏం చెయ్యాలి అది?" అన్నాను.

"ఎప్పుడూ చేసేదే చెయ్యాలి మేడమ్," అంది సువార్త. ఆ అమ్మాయి కళ్ళనిండా నీళ్ళున్నాయి. "ఇంట్లోవాళ్ళలో ఆవిడ కోసం ఎవరో ఒకరు లేవడం అది చూసి ఉంటే చాలు. ఒక్కసారి, ఏ చిన్నదానికైనా. తలనొప్పికి మాత్ర తెచ్చిచ్చినా చాలు. ఈవిడ కోసం కూడా లేవాలని దానికి తెలిసేది. ఏడాది రికార్డు మొత్తం నేనూ సారూ వెతికాం."

"ఏమీ లేదా?"

"ఒకటుంది. మీరు మంచినీళ్ళిచ్చి అట్టతో విసిరారు."

"మరి?"

"మీరు చుట్టం మేడమ్. చుట్టాలు చేసింది ఇంటి పద్ధతి కాదని దాన్ని లెక్కలోకి తీసుకోదు. మేమే అలా రాశాం."

నేను బావగారి వైపు తిరిగాను. ఇరవయ్యేళ్ళుగా ఆయన్ని మీరు అనే అన్నాను. ఆ రోజు నోట్లోంచి ఆ మాట రాలేదు. "విన్నావా బావా? తప్పు వెతుకుతున్నావా నువ్వు? తప్పెక్కడుంది? నీ యంత్రం బంగారంలా పనిచేసింది. నువ్వు మా అక్కని ఎలా చూశావో అదీ అలాగే చూసింది. నువ్వు తిన్నాక అక్క తింది. మీ అమ్మ పడుకున్నాక అక్క పడుకుంది. అదంతా చూసి నేర్చుకోమంటే నీ యంత్రం నేర్చుకుంది పాపం. ఇంకేం చేస్తుంది?"

బావగారు బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చారు. చెప్పొద్దూ, నాకు జాలి వెయ్యలేదు.

*

కంపెనీ ఆ వెయ్యి ఫ్లాట్లలోనూ ఆనవాయితీ పెట్టించింది. బావగారు అక్కడ మానేస్తారనుకున్నాను. మానలేదు. "దీన్ని మార్చి తీరాలి నీరజా, లేకపోతే ప్రసూన పోయినందుకు అర్థమేముంది?" అన్నారు. తన ఇంట్లో పాత జ్ఞాపకమంతా తుడిచేశారు. "ఇప్పుడది పసిపిల్ల. మళ్ళీ మొదట్నుంచి నేర్పుతాను. ఈసారి అందరినీ సమానంగా చూస్తుంది," అన్నారు. ఆ మాటా నిజంగానే నమ్మారు.

మళ్ళీ ఎండలు ముదిరేదాకా నేను ఆ గడప తొక్కలేదు. సమన్వే మా ఇంటికి వచ్చి వెళ్ళేది. వచ్చినప్పుడల్లా చిక్కిపోయి కనబడేది. అడిగితే, వంటమనిషి ఎవరూ నిలవడం లేదు పిన్నీ, వంటింట్లో వేడి భరించలేమని పోతున్నారు అని చెప్పేది. మరి వంట ఎవరు చేస్తున్నారని అడిగితే మాట మార్చేసేది. ఓ రోజు సువార్త ఫోన్ చేసింది. ఉద్యోగం మానేశానని చెప్పింది. మానే ముందు ఆ ఫ్లాట్ల సంగతి చూశానంది. "ఎక్కడ చూసినా వంటింటి దీపమే ముందు ఆరుతోంది మేడమ్. ఒక్కో ఇంట్లో అమ్మ, ఒక్కో ఇంట్లో కోడలు, ఒక్కో ఇంట్లో పనమ్మాయి. సార్ ఇంట్లో ఇప్పుడు ఎవరో మీకు తెలుసా?"

తెలుసు. ఆ మర్నాడే వెళ్ళాను.

ఎండకోత అప్పుడే మొదలైంది. హాలు చల్లగా ఉంది. భారతమ్మగారి కుర్చీ మీది ఫ్యాన్ మెల్లగా తిరుగుతోంది. సమన్వి గదిలోకి తొంగిచూశాను. పుస్తకాలు మూసి ఉన్నాయి. గది వేడెక్కిపోయి ఉంది. ఆ పిల్ల అక్కడ కూర్చోవడం మానేసిందని ఇల్లు ఎప్పుడో గ్రహించేసింది. వంటింట్లోకి వెళ్ళాను. అక్క నిలబడ్డ చోటే నిలబడి ఉంది సమన్వి. చున్నీ నడుముకి బిగించి చారు పెడుతోంది. మెడ మీద చెమటకాయలు పేలి ఉన్నాయి.

"ఫ్యాన్ వెయ్యమంటావా అమ్మా?" అంది గోడ. నా అక్కని అడిగిన గొంతుతోనే, ఆ పిల్లని.

"వద్దు. నాయనమ్మ గదిలో వెయ్యి," అంది సమన్వి, తల తిప్పకుండా.

బయటికి వచ్చి, వీధి చివర కొట్లో ఎలక్ట్రీషియన్ని లాక్కొచ్చాను. వంటింటి గోడ మీది మచ్చ చూపించి, "ఇక్కడ పగలగొట్టు. స్విచ్ పెట్టు. బ్యాటరీ నుంచి ఫ్యాన్‌కి నేరుగా కలుపు. మధ్యలో ఏ కంప్యూటరూ ఉండకూడదు," అన్నాను. ఉలి దెబ్బలకి భారతమ్మగారు లేచి వచ్చి, "ఏంటమ్మా ఈ గోల? ఇంకా నా భోజనం కాలేదు," అన్నారు. బావగారు తన గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. కింద రాలుతున్న సిమెంటు పెచ్చులు చూశారు. మళ్ళీ గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

పని ముగించి ఎలక్ట్రీషియన్ వెళ్ళిపోయాడు. పగిలిన గోడలో తెల్లటి స్విచ్ ఒకటి. అక్క బతికుండగా నేను అడిగింది ఇదొక్కటే. "నొక్కు," అన్నాను సమన్వితో.

నొక్కింది. ఏడాదిగా పట్టిన దుమ్ము రాలుస్తూ ఫ్యాన్ తిరిగింది. సమన్వి తలెత్తి దాని కింద నిలబడింది. నుదుటి మీద అతుక్కున్న వెంట్రుకలు కదిలాయి. "హాయిగా ఉంది పిన్నీ," అంది. అచ్చం వాళ్ళమ్మ గొంతు. నాకు దుఃఖం ఆగలేదు, దాన్ని దగ్గరికి తీసుకుని ఏడ్చాను. అదీ ఏడ్చింది. ఇక ఈ పిల్లకి ఏమీ కాదనుకున్నాను.

"అమ్మాయ్! అప్పడాలు వేయించావా?" హాల్లోంచి భారతమ్మగారి కేక.

"ఆ, ఇప్పుడే నాయనమ్మా!" అని సమన్వి కళ్ళు తుడుచుకుని స్టవ్ వెలిగించింది. ఫ్యాన్ గాలికి మంట పక్కకి వంగి ఆరిపోయింది. మళ్ళీ వెలిగించింది. మళ్ళీ ఆరిపోయింది. సమన్వి నా వైపు చూసి, తప్పు చేసినదానిలా చిన్నగా నవ్వి, చెయ్యి చాచి స్విచ్ కట్టేసింది.